ఊరందరి ఊపిరి

రాళ్లవాగుపాలెంలో మనుషులు నాలుగు వందల పన్నెండు మంది. సర్కారు లెక్కలో మాత్రం వాళ్లందరికీ కలిపి ఊపిరి ఒక్కటే. ఆ ఊపిరి సన్నాయి మాలకొండయ్యది.

యాభై ఎనిమిదేళ్లొచ్చినా మాలకొండయ్య రొమ్ము కొలిమితిత్తిలాగే ఉండేది. పెళ్లిలో సన్నాయి ఎత్తాడంటే మూడు ముళ్లూ పడి, అక్షింతలు రాలి, పురోహితుడు చెమట తుడుచుకునేదాకా స్వరం తెగేది కాదు. ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో ఊదడం వాళ్ల తాత నేర్పిన విద్య. "మావా, నువ్వు నిద్దర్లో గూడా ఊదతానే ఉంటావా?" అని ఊళ్లో వాళ్లు ఎగతాళి చేస్తే, "మీ అత్త నడగండ్రా" అనేవాడు.

అలాంటి మనిషి చేతికి నర్సమ్మ సలోమి ఊపిరిపెట్టె ఇచ్చింది. కథ అక్కడ మొదలైంది.

ఊపిరిపెట్టె అన్నం క్యారేజీ అంత ఉంటుంది. పక్కన చిన్న గొట్టం. మనిషి పేరు నొక్కి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆ గొట్టంలో ఊదితే చాలు. మనిషికి దగ్గు రాకముందే, నీరసం పుట్టకముందే, ఒంట్లో కాలుపెట్టిన రోగాన్ని అది వాసనపడుతుంది. క్షయకొక వాసన, చక్కెరకొక వాసన, మూత్రపిండాలు చెడితే ఇంకో వాసన. నెలకోసారి, అయిదో తేదీలోపు, రాష్ట్రంలో ప్రతి మనిషీ ఊదాలి. ఏ ఊళ్లో రోగమెంతో పెట్టె చెబుతుంది. దాన్నిబట్టి డాక్టర్లనూ మందులనూ పంచుతారు. "మంట ఉన్నచోటికే నీళ్లు" అని గోడల మీద పెద్దక్షరాలతో రాయించారు.

మొదటి ఏడాది పెట్టెకి, రోగం వాసన తగిలితే వెలిగే ఎర్రదీపం ఉండేది. పక్కనున్న గొల్లవంకలో ఒకేరోజు తొమ్మిది మందికి ఎర్రదీపం వెలిగింది. రెండో రోజుకి పాలవ్యాను ఆ ఊరి పొలిమేరలోనే వెనక్కి తిరిగింది. వారం తిరక్కముందే రెండు నిశ్చితార్థాలు తప్పిపోయాయి. రాళ్లవాగుపాలెం వాళ్లు వాగుకి ఇవతలి గట్టున కూర్చుని అదంతా చూశారు, తలకాయలూపారు.

సలోమి బాధ వేరు. ఆమె కింద అయిదు ఊళ్లు. తోడుగా ఉండే రెండో నర్సు పోస్టు ఎత్తేశారు. తెల్లారేసరికి జనం పొగాకు చేలల్లో ఉంటారు, పొద్దుగూకాక గానీ రారు. ఒక్క ఊపిరి తగ్గినా మెమో వస్తుంది. అప్పటికే రెండొచ్చాయి.

"ఈ ఒక్క నెలకే అన్నా," అంది మాలకొండయ్యతో, "చేలకి పోయినోళ్లవి నువ్వు ఊదెయ్. ఎర్రదీపం రాదు, ఊరి మాటా పోదు, నా మాటా పోదు."

"దానికేం నర్సమ్మా, గాలే గదా. ఊరకే వస్తుండాది."

ఒక నెల అన్నది వాడుకైపోయింది, చేలకి పోయినోళ్లవి అన్నది ఊరందరివీ అయింది. ప్రతి నాలుగో తేదీ మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. సలోమి పేరు చదువుతుంది, మాలకొండయ్య ఊదుతాడు. మధ్యలో ఎవరో ఒకరు టీ తెచ్చి పెట్టేవాళ్లు. ఆడవాళ్ల పేర్లొస్తే మెల్లగా ఊదేవాడు. "ఆడమనిషి గదా, రవంత సిగ్గుండాల" అనేవాడు. పొలానికి వెళ్తూ యలమంద అనే కౌలురైతు కేకేసి చెప్పేవాడు: "మావా, మా నాగరత్తమ్మది గూడా నువ్వే ఊదెయ్! దగ్గుతా ఉండాది, దాని గాలి మంచిది గాదు!"

అందరూ నవ్వారు. సలోమి కూడా నవ్వింది.

ఏడాది తిరిగేసరికి రాళ్లవాగుపాలెం రోగభారం సున్నా అని తేలింది. పైనుంచి అధికారులొచ్చి ఆదర్శ ఆరోగ్య గ్రామమని ఇత్తడి పలక ఇచ్చారు. సర్పంచికి శాలువా కప్పారు. పలకని పంచాయతీ గోడకి బిగించారు. ఆ నెలలోనే ఊరి చివర ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరు బదిలీ అయిపోయాడు. తర్వాత రక్తపరీక్షలు చేసే ఆయన, ఆ తర్వాత మందులిచ్చే ఆమె, ఆఖరికి అంబులెన్సు. జనవరి ముగిసేనాటికి తలుపుకి తాళం పడింది. రోగం లేని చోట డాక్టరెందుకన్నారు. రోగం ఉందంటే పలక అబద్ధమవుతుంది.

మే నెలలో యలమంద పెళ్లాం నాగరత్తమ్మ రక్తం కక్కుకుంది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఆటోలో వేసుకుని ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని పట్నం పెద్దాసుపత్రికి బయల్దేరారు. సలోమి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. తాళం వేసిన ఆసుపత్రి ముందు నుంచే ఆటో పోయింది. ఇరవయ్యో కిలోమీటరు రాయి దగ్గర ఆ తల బరువెక్కింది.

క్షయ. ఎప్పటినుంచో ఉంది. ఆమె ఒక్కసారి తన ఊపిరి తాను ఊది ఉంటే పెట్టె పట్టేసేది.

జూన్ నాలుగున మాలకొండయ్య అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు గానీ గొట్టం పట్టుకోలేదు. "దాని పేరొచ్చినప్పుడు నేనేం జెయ్యాల నర్సమ్మా?"

"పేరు తీసెయ్యమని రాశానన్నా. పైనుంచి ఇంకా రాలేదు."

"చచ్చినదానికి గూడా నేనే ఊదాల్నా?"

సలోమి తల వంచుకుంది. ఇప్పుడు మానేస్తే ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు. ఆ మాట పైకి అనలేదు. మాలకొండయ్యకు తెలిసిపోయింది. గొట్టం తీసుకుని ఊదాడు, కళ్లు మూసుకుని.

ఆ వేసవి తర్వాత అతను పెళ్లిళ్లకి ఒప్పుకోవడం మానేశాడు. రొమ్ములో ఏదో పట్టేస్తోందనేవాడు. దిగులనుకుంది సలోమి.

నవంబరులో ఫోను వచ్చింది. అవతల ఆడగొంతు. ఆ పెట్టెను తయారుచేసిన శాస్త్రవేత్త, పేరు హైమవతి. గుంటూరులో ఆమె ప్రయోగశాల.

"సలోమిగారూ, ఒక్క సందేహం. మీ ఊళ్లో కవలలు ఉన్నారా?"

"ఒక జత ఉండారమ్మా. వడ్డోళ్ల ఇంట్లో."

"ఒక జతేనా? నా దగ్గరికొచ్చిన లెక్క ప్రకారం నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు."

సలోమి లేచి తలుపు దగ్గరకి వేసింది.

"నేను పోలీసుల్ని పంపడం లేదమ్మా," అంది హైమవతి. "ఆ ఊదే మనిషిని వెంటబెట్టుకుని రండి. త్వరగా రండి."

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కారు. దారంతా మాలకొండయ్య కిటికీకి తలానించి దగ్గుతూనే ఉన్నాడు.

ప్రయోగశాల అంటే ఏదో మహల్ అనుకుంది సలోమి. తీరా చూస్తే కాలేజీ వెనక పాత గది. గాజు గొట్టాలు, వైర్లు, మూలన టిఫిన్ డబ్బా. హైమవతికి నలభై అయిదుంటాయి, జుట్టు సగం నెరిసింది. తెర మీద ఒక గీత చూపించింది, వాన చినుకులు పడ్డ ముగ్గులా మెలికలు తిరిగిన గీత.

"ఇది నా ఊపిరి. ఇది మా అటెండరుది. చూశారా, ఏ రెండూ కలవవు. వేలిముద్ర లాంటిదే." ఇంకోటి నొక్కింది. "ఇది మీ ఊరు."

నాలుగు వందల పన్నెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే గీతగా నల్లగా మెరుస్తున్నాయి.

"ఈ సంగతి మొదటి నెలలోనే పెట్టె పట్టింది," అంది హైమవతి. "ఒకే ఊపిరి మళ్లీ మళ్లీ వస్తోందని పైఆఫీసుకి హెచ్చరిక పంపింది. అక్కడెవరూ తెరిచి చూడలేదు. సున్నా వచ్చింది కదా, సున్నాని ఎవరు అనుమానిస్తారు? నాకూ ఈ వివరాలు ఈ నెలలోనే దొరికాయి, పాత నమూనాలు కావాలని పోట్లాడితే."

మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. "నన్నెందుకు రమ్మన్యారమ్మా? తిట్టేదానికా?"

"ఊదండి ఒకసారి."

ఊదాడు. అంతకుముందు పది అంకెలు అవలీలగా దాటేవాడు. ఏడు దగ్గర ఆగిపోయాడు. కొత్త గీత వచ్చి నల్లగీత మీద కూర్చుంది, తాళంచెవి తాళంలో కూర్చున్నట్టు. కానీ కుడివైపు చివర మాత్రం ఒక బుడిపె లేచి ఉంది. హైమవతి ఆ బుడిపె మీద వేలు పెట్టింది, చాలాసేపు తియ్యలేదు.

"ఇది జులైలో మొదలైంది. క్షయ. జులై నాలుగున మీ ఊళ్లో నాలుగు వందల పన్నెండు మందికీ ఒకేరోజు క్షయ పట్టిందని పెట్టె చెప్పింది."

"ఎవురికి చెప్పింది?" అన్నాడు మాలకొండయ్య.

"పైఆఫీసుకి."

"ఊదింది నేను గదమ్మా. నాకు చెప్పొద్దా?"

జనం భయపడుతున్నారని ఎర్రదీపాన్ని రెండో ఏడాదే తీయించేశారు. ఫలితం పైకి మాత్రమే పోతుంది. సలోమికి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకుంది.

"మరి పైవాళ్లేం చేశారు?" అని అడిగింది.

హైమవతి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఒకే వాక్యం. "పరికరంలో లోపముగా భావించి, పాత విలువ సున్నాను కొనసాగించవలెను." జులై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. నాలుగు నెలలు, నాలుగు కాగితాలు, అదే వాక్యం.

సలోమి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. లోపల ఇన్నాళ్లూ ముడుచుకుని కూర్చున్నదేదో మెల్లగా లేచి నిలబడింది.

"సున్నా అంటే నమ్మినారు," అంది. "నమ్మి తాళమేసినారు. ఊరు ఊరంతా రోగమంటే మాత్రం పెట్టెకి లోపమన్నారు. ఒక్క మనిషిని పంపించి తలుపు తట్టినా ఈయన సంగతి జులైలోనే తెలిసేది గదమ్మా."

"వచ్చే నెల శాసనసభ కమిటీ మీ మండలానికి వస్తోంది," అంది హైమవతి. "ఆసుపత్రులు ఎందుకు మూశారో విచారిస్తారట. నేనీ కాగితాలు పెడతాను. పెడితే ఈ గది నాకుండదు. అయినా కాగితాలు ఒక్కటే చాలవు. ఊదింది ఎవరు, ఊదించింది ఎవరు అని అడుగుతారు. అది చెప్పాల్సింది మీరు."

చెబితే ఉద్యోగం పోతుంది. పదకొండేళ్ల ఉద్యోగం. ఇంటి పొయ్యి వెలిగేది దానిమీదే.

మాలకొండయ్యను ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించి మందులు మొదలుపెట్టించారు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుగులో పెట్టి చూసి, నాలుగు నెలల ముందొస్తే ఒక ఊపిరితిత్తి మొత్తం మిగిలేదన్నాడు. మనిషి బతుకుతాడు, సన్నాయి మాత్రం కష్టమన్నాడు. బస్సులో తిరిగొస్తూ మాలకొండయ్య ఒకే ఒక్క మాట అన్నాడు: "దాచేది ఇంక నా వల్ల గాదు నర్సమ్మా. రొమ్ములో చోటు లేదు."

చెప్పాల్సిన మొదటి మనిషి కమిటీ కాదని సలోమికి తెలుసు. మర్నాడు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరికి పోయింది. యలమంద పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు.

"యలమందా, నాగరత్తమ్మ పేరు మీద..."

"నాకు తెల్దా?" అన్నాడు అతను వెనక్కి తిరక్కుండానే. "ఊదమని కేకేసింది నేనే గదా. ఆ కేక నాకు దినామూ ఇనపడతానే ఉండాది."

సలోమి పొయ్యి పక్కన కూర్చుంది.

"కమిటీ ముందర చెప్తుండా. నా ఉద్యోగం పోద్ది. ఊరి పలకా పోద్ది. మళ్లీ పాలవ్యాను ఆగిపోతే ఊరంతా నన్నే తిడతారు."

యలమంద లేచి చేతులు దులుపుకున్నాడు. "నేనూ వస్తా. నేను చేసిన తప్పు నేను చెప్తా. కానీ అక్కా, మన తప్పు చెప్పి ఊరుకోమాక. వాళ్లది వాళ్లకి అప్పజెప్పి రా."

కమిటీ వచ్చేది డిసెంబరు పదిహేడు. పద్నాలుగునే ఆసుపత్రి తాళం తీశారు. వెల్ల వేశారు. పక్క మండలం నుంచి మంచాలు, ఇంకో మండలం నుంచి మందుల డబ్బాలు తెచ్చారు. డాక్టర్ని కూడా ఆ ఒక్క రోజుకీ ఎక్కణ్నుంచో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన వచ్చిన గంటకి సలోమిని పక్కకి పిలిచి, "ఏమ్మా, ఇక్కడ మరుగుదొడ్డి ఎటువైపు?" అని మెల్లగా అడిగాడు.

షామియానా కింద కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు దమయంతి, అరవై ఏళ్ల శాసనసభ్యురాలు, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని ప్రతి కాగితమూ స్వయంగా చదివే మనిషి. పక్కన ఆరోగ్యశాఖ తరఫున జాయింట్ డైరెక్టర్ శశిభూషణ్. మడత నలగని చొక్కా.

"రోగభారం సున్నా అండి," అన్నాడు ఆయన. "రోగంలేని చోట సిబ్బందిని ఉంచితే రోగమున్న చోటికి అన్యాయం చేసినట్టే. ఇది కోత కాదండి, సర్దుబాటు."

వెనక వరసలోంచి సలోమి లేచింది. ఎవరో కొంగు పట్టుకుని లాగారు, విదిలించుకుంది.

"ఆ సున్నా నేను చేసిందమ్మా."

చెప్పింది. రెండో నర్సు పోస్టు పోవడం, మెమోలు, గొల్లవంక పాలవ్యాను, అరుగు, టీ, నవ్వులు, అన్నీ. నాగరత్తమ్మ పేరు వచ్చేసరికి యలమంద లేచి మిగతాది తాను చెప్పాడు. "చచ్చిపోయిన నా పెళ్లాం ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉండాదండీ మీ లెక్కలో. పోయినాక గూడా ఆరు నెల్లు ఊదింది" అన్నాడు.

శశిభూషణ్ ముఖం వెలిగింది. "విన్నారుగా మేడమ్. తప్పుడు లెక్క పంపింది కింది సిబ్బంది. మమ్మల్ని మోసం చేశారు. ఈవిడని ఇప్పుడే సస్పెండ్ చేస్తున్నాను."

"చెయ్యండి సార్," అంది సలోమి. "అది నేను పడాల్సిందే. ఒక్క మాట అడగనియ్యండి. జులై నాలుగున పెట్టె మీకు ఏం చెప్పింది?"

హైమవతి లేచి నాలుగు కాగితాలు అధ్యక్షురాలి ముందు పెట్టింది. దమయంతి కళ్లజోడు సవరించుకుని చదివింది. నాలుగూ చదివింది. మళ్లీ మొదటిది చదివింది.

"శశిభూషణ్ గారూ, ఇక్కడ సంతకం మీదే కదా?"

"అది... నాలుగు వందల పన్నెండు మందికి ఒకేరోజు క్షయ రావడం అసంభవం మేడమ్. పరికరంలో లోపమనే ఎవరైనా..."

"నాలుగు వందల పన్నెండు మందికి ఒక్క జలుబన్నా లేకపోవడం సంభవమా?"



"సున్నా వచ్చినప్పుడు పెట్టెను పరీక్షించారా?"

"లేదండి."

"ఎరుపు వచ్చినప్పుడు?"

"పాత విలువ కొనసాగించమని..."

"ఎవరినైనా పంపారా? డాక్టరు కాదు, డ్రైవరునైనా?"

మాలకొండయ్య మూలన కుర్చీలోంచి చెయ్యెత్తాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. "ఆ నాలుగు వందల మందీ నేనేనమ్మా," అన్నాడు. "ఎవురన్నా వచ్చుంటే నేను ఒక్కణ్నే కనపడేవాణ్ని. అంతే చాలుండేది."

ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు ఊరి అసలు ఊపిర్లు ఎలా ఉన్నాయో తేలాలి," అంది దమయంతి. సలోమి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎర్రదీపం మళ్లీ వెలిగేలా హైమవతి లోపలి తీగ కలిపింది. గొట్టం చివర మనిషికో కొత్త మూతిముక్క తగిలించింది. ముందు ఎవరూ కదల్లేదు. గొల్లవంక గతి అందరి కళ్లలోనూ ఉంది. సర్పంచి తల గోక్కున్నాడు. అప్పుడు యలమంద అత్త, నాగరత్తమ్మ తల్లి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నా బిడ్డది ఎవురో ఊదినారు," అంది. "నాది నేనే ఊదుకుంటా. పాలు పారబోసుకుంటే పారబోసుకుందాం." ఊదింది. దీపం ఎర్రగా వెలిగింది. ఆమె దాన్ని తేరిపార చూసి, "ఆ, తెలిసింది గదా" అని పక్కకి తప్పుకుంది. ఆమె వెనక వరస కట్టారు.

మధ్యాహ్నానికి నూట ఎనభై మంది ఊదారు. ఎర్రదీపం ముప్పై ఒక్కసారి వెలిగింది. అందులో క్షయ ఆరు. వెలిగినప్పుడల్లా దమయంతి తన పుస్తకంలో తానే గీత గీసింది. అద్దె డాక్టరు మొదట బిత్తరపోయి చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, స్టెతస్కోపు అడిగి తీసుకుని, వరస చివర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రి పదిహేను రోజుల్లో పూర్తి సిబ్బందితో తెరవాలని, అంతవరకు ఈ డాక్టరు ఇక్కడే ఉండాలని కమిటీ అక్కడికక్కడే రాయించింది. మూసిన మిగతా ఆసుపత్రుల సున్నాలన్నీ బయటికి తియ్యాలని కూడా రాయించింది. శశిభూషణ్ చొక్కా మడత నలిగింది. కానీ తన చేతిలో మిగిలిన ఒక్క పనీ ఆయన వదల్లేదు. సలోమి సస్పెన్షన్ కాగితం తయారుచేయించి బల్ల మీద పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా. చార్జి అప్పగించి వెళ్లు."

సలోమి కాగితం చదివింది. పైన తన పేరు, చేసిన తప్పు. అన్నీ నిజమే. కింద ఒక గడి: చార్జి తీసుకొను వారి పేరు. అది ఖాళీ.

"ఇక్కడ ఎవురూ లేరు సార్."

"తర్వాత చూస్తాం. నువ్వు పెట్టు."

"రెండో నర్సు పోయినప్పుడు గూడా ఇట్టాగే ఖాళీగా పెట్టినారు. తర్వాత చూస్తామన్నారు." ఆమె గొంతు పెరగలేదు. "తప్పు చేశా, పోతా. రేపు పొద్దున ముప్పై ఒక్క మందికి మందు ఎవురు మింగిస్తారో చెప్పండి. ఆ మనిషి పేరు రాయండి, ఈ క్షణమే పెడతా."

"మాకు షరతులు పెడుతున్నావా?"

"ఖాళీకి అప్పజెప్పి పోలేను సార్."

ఆయన దమయంతి వైపు చూశాడు. ఆవిడ పుస్తకం మూసి, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని సలోమి పక్కన కూర్చుంది. "నాకూ తొందరేం లేదు," అంది.

శశిభూషణ్ ఫోను తీశాడు. ఒకరికి చేశాడు, ఇంకొకరికి చేశాడు. ఎండ షామియానా కింది నుంచి జరుక్కుంటూ బల్ల కాళ్లదాకా వచ్చింది. ఊదినవాళ్లెవరూ ఇళ్లకు పోలేదు. బల్ల చుట్టూ చేరి ఆ గడి వంకే చూస్తున్నారు.

నాలుగో ఫోనుకి ఆయన పెన్ను తీసుకున్నాడు. గడిలో ఒక పేరు రాశాడు.

"పేరు ఒక్కటే గాదు సార్," అంది సలోమి. "ఎప్పుడొస్తదో, అది గూడా."

రాశాడు: రేపు ఉదయం ఎనిమిది గంటలకు.

అప్పుడు ఆమె పెన్ను మూత తీసింది.